బాసుగిటారునకు స్పీకరుపెట్టె

మన పాఠశాల సంగీతసంఘమునందు బాసుగిటారు వాయించు విద్యార్థి వెనుక వేదికమీద ఒక నల్లని చెక్కపెట్టె యుండుట మీరందఱును చూచియుందురు. చూచినవారిలో పలువురు, "అందులో స్పీకరు తప్ప మఱేమున్నది? స్పీకరును భద్రపఱచుటకు ఏదో యొక పెట్టె కావలెను గదా" అని తలంతురు. కొన్ని యేండ్ల క్రిందట మేమును అట్లే తలంచితిమి. ఆ తలంపువలన ఒక పెట్టె వ్యర్థమయ్యెను. అంతకంటె విచారింపదగిన సంగతి యేమనగా, తప్పు చేయని యొక విద్యార్థి మావలన నిందపడవలసివచ్చెను. కావున స్పీకరుపెట్టె యేల కావలెనో, దాని నెట్లు చేయవలెనో ఈ వ్యాసమునందు విశదముగా తెలుపదలచితిమి. ఇందలి లెక్కలు పదవ తరగతి విద్యార్థులకు మించినవి కావు.

మొదటి పెట్టె

సంగీతసంఘమువారు చందాలు ప్రోగుచేసి 12 అంగుళముల స్పీకరు నొకదానిని కొనితెచ్చి, పెట్టె చేయు భారమును మాకు అప్పగించిరి. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చేతిపనులు నేర్చినవారము గనుక చెక్కపనియందు మాకు కొంత పరిచయము గలదు. బొబ్బిలివీణను ఒంటి పనసమ్రానిలో తొలుతురని యెఱిగినవారము గనుక, వాద్యమన్నచో చెక్క పలుకవలెనని మా నమ్మకము. పలుచని చెక్క బాగుగా పలుకునని యెంచి 6 మిల్లీమీటరుల ప్లైవుడ్డు తెప్పించితిమి. స్పీకరు పట్టునా లేదా యని మాత్రమే చూచుకొని, లోపల వెడల్పు 36, ఎత్తు 46, లోతు 18 సెంటీమీటరు లుండునట్లు పెట్టెను చేసితిమి. "గాలి పోవుటకు రంధ్ర ముండవలెను" అని యెవరో చెప్పగా ముందుపలకకు 10 సెంటీమీటరుల రంధ్ర మొకటి చేసితిమి. రంగు వేసినమీదట పెట్టె చూడముచ్చటగా నుండెను.

వార్షికోత్సవమునాడు దాని గుణము బయటపడెను. సన్నని తీగను మీటినప్పుడెల్ల ధ్వని పందిరి యదరునట్లు గుభిల్లుమనెను. లావుతీగను మీటినప్పుడు స్పీకరు కాగితము కొట్టుకొనుటయేగాని స్వరము వినబడలేదు. నడుమ నడుమ పెట్టె ప్రక్కలు గలగలలాడెను. పాట చెడినది. ఉత్సవము ముగిసినపిమ్మట మేము ఆ విద్యార్థిని తోటివారియెదుటనే పిలిచి, "వ్రేళ్లు సమముగా వేయుట నేర్వక వేదిక యెక్కితివి" అని మందలించితిమి. అతడు తల వంచుకొని నిలిచెనేగాని మాఱుపలుకలేదు.

కొన్ని దినములకు అదే విద్యార్థి అదే గిటారును వేఱొకచోట మంచి స్పీకరుపెట్టెకు తగిలించి వాయింపగా మేము వింటిమి. నాలుగు తీగలును సమముగా పలికెను. దోషము అతని వ్రేళ్లలో లేదు, మా పెట్టెలో నున్నదని అప్పుడు తెలిసి సిగ్గుపడితిమి. దోష మెక్కడనో కనుగొనవలెనని ఆనాడే నిశ్చయించుకొంటిమి.

పలుకవలసిన చెక్కయు, పలుకరాని చెక్కయు

తీగ సన్ననిది. అది యెంత కంపించినను తనంతట తాను ఎక్కువ గాలిని కదలింపజాలదు. అందుచేతనే తంబురకు బుఱ్ఱయు, వీణకు కుండయు ఏర్పడినవి. తీగ కంపనము చెక్కకు ప్రాకి, చెక్క కంపించి, విశాలమైన తన ముఖముతో గాలిని కదలించును. పాశ్చాత్యుల డబుల్ బాసు అను పెద్ద వాద్యమునకు మనిషియెత్తు దేహ ముండుటకు కారణమిదియే. మంద్రస్వరములకు ఎక్కువ గాలి కదలవలెను.

1951వ సంవత్సరమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమందు ఫుల్లర్టన్ పట్టణములో లియో ఫెండర్ గారి కర్మాగారమునుండి ప్రెసిషన్ బాస్ అను విద్యుద్వాద్యము వెలువడెను. ఇది బొల్లుదనము లేని గట్టి చెక్కపలక. తీగలక్రింద నున్న అయస్కాంతపు పికప్పు, లోహపుతీగ కదలికను విద్యుత్తుగా మార్చును. ఆంప్లిఫయరు ఆ విద్యుత్తును బలపఱచును. స్పీకరు దానిని మరల గాలికదలికగా మార్చును. అనగా వీణకు కుండవలె వాద్యమునకే అంటియుండవలసిన భాగము బాసుగిటారునకు దూరమై, వేదికమీద వెనుక నిలిచినది. 1969లో ఆంపెగ్ కంపెనీవారు 300 వాట్ల ఆంప్లిఫయరును చేసి, దానికొఱకు 10 అంగుళముల స్పీకరులు ఎనిమిదేసి గల పెట్టెలను చేసిరి. పెద్ద మైదానములలో వేలకొలది జనులకు మంద్రస్వరమును వినిపింపవలెనన్న పెట్టె అంతవఱకు పెరుగవలసివచ్చెను.

మేము పొరపడిన దిచ్చటనే. వీణయందు తీగకు స్వరమిచ్చునది చెక్క, గనుక చెక్క పలుకవలెను. స్పీకరుపెట్టెయందు స్వరమును స్పీకరు కాగితము ఇదివఱకే పలుకుచున్నది. చెక్కయు పలికినయెడల అది గిటారులో లేని మాటను కలిపి చెప్పినట్లగును. కావున వీణ చెక్క పలుకవలెను. స్పీకరుపెట్టె చెక్క మౌనముగా నుండవలెను. ఆ పెట్టెలో కదలవలసినవి రెండే: ఒకటి స్పీకరు కాగితము, రెండవది గాలి.

ముందుగాలి, వెనుకగాలి

అట్లయిన పెట్టె యసలేల? స్పీకరును బల్లమీద ఊరక నిలిపి వాయింపరాదా? వాయించి చూడుడు. హెచ్చుస్వరములు వినబడును, మంద్రస్వరములు మాయమగును. కారణ మిది.

నేడు మనము వాడు స్పీకరు పద్ధతిని 1925లో అమెరికాలో జనరల్ ఎలెక్ట్రిక్ కంపెనీకి చెందిన రైస్, కెల్లాగ్ అను ఇరువురు ప్రకటించిరి. అయస్కాంతపు సందులో రాగితీగచుట్ట యొకటి వ్రేలాడును. దానికి శంకువువంటి కాగితము అంటియుండును. చుట్టలో విద్యుత్తు మాఱినకొలది కాగితము ముందు వెనుకలకు కదలును. అది ముందునకు వచ్చినప్పుడు ముందుగాలి నొక్కబడును, అదే క్షణమున వెనుకగాలి పలుచబడును. కదలిక యొక్కటియే, ఫలములు రెండు. అవియు పరస్పర విరుద్ధములు. ముందు నొక్కబడిన గాలి స్పీకరు అంచు చుట్టివచ్చి వెనుకనున్న పలుచదనమును పూరించినచో రెండును చెల్లిపోయి ధ్వని నశించును.

హెచ్చుస్వరమునకు ఈ అపాయము లేదు. గాలిలో ధ్వని సెకనుకు రమారమి 343 మీటరులు నడచును. సెకనుకు 3,430 కంపనములుగల స్వరపు తరంగము పొడవు 10 సెంటీమీటరులు మాత్రమే. దానికి స్పీకరు అంచును చుట్టివచ్చు వ్యవధి లేదు. బాసుగిటారు లావుతీగకు సెకనుకు 41 కంపనములు. 343ను 41చేత భాగింపగా దాని తరంగము 8 మీటరులకు పైగా నున్నదని తేలును. 8 మీటరుల తరంగమునకు 30 సెంటీమీటరుల స్పీకరు ఒక లెక్కలోనిది కాదు.

దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. పెద్ద అట్టపలక మధ్య స్పీకరంత రంధ్రము చేసి, స్పీకరును దానికి ఆనించి పట్టుకొనుడు. లేదనుకొన్న మంద్రస్వరము వెంటనే కొంత తిరిగివచ్చును. అట్ట ముందుగాలికిని వెనుకగాలికిని నడుమ గోడయైనది. ఆ గోడను నాలుగువైపుల మడచి మూసినచో అదియే పెట్టె.

మూసిన పెట్టె, ఊపిరిగల పెట్టె

పెట్టెలు ముఖ్యముగా రెండు విధములు. మొదటిది పూర్తిగా మూసినది. ఇందు వెనుకగాలి బంధింపబడును. లోపలి గాలి స్ప్రింగువలె స్పీకరు కాగితమును వెనుకకు లాగును. 1954లో ఎడ్గర్ విల్చర్ అను అమెరికా దేశస్థుడు ఈ గాలిస్ప్రింగునే ఆధారముగా చేసికొని ఇండ్లలో వాడుకొను చిన్న స్పీకరుపెట్టెలను తయారుచేసెను. ఆంపెగ్ వారి ఎనిమిది స్పీకరుల పెట్టెయు మూసినదియే.

రెండవది ఊపిరిగల పెట్టె. దీని మర్మము తెలియుటకు ఖాళీ సోడాసీసా మూతిమీద ఊదిచూడుడు. ఒక మంద్రస్వరము పలుకును. సీసాలో సగము నీళ్లు పోసి ఊదినచో స్వరము హెచ్చును. సీసామెడలోని గాలి బరువువలెను, కడుపులోని గాలి స్ప్రింగువలెను పనిచేసి ఒక నియతమైన స్వరమును కల్పించును. కడుపు పెద్దదైనకొలదియు మెడ పొడవైనకొలదియు స్వరము దిగును; మెడ వెడల్పైనకొలది స్వరము పెరుగును. 19వ శతాబ్దమున హెల్మ్‌హోల్ట్స్ అను జర్మనుశాస్త్రజ్ఞుడు ఈ విషయమును శోధించెను గనుక ఇట్టి పాత్రకు అతని పేరు నిలిచినది.

స్పీకరుపెట్టెకు ఇట్టి మెడను, అనగా గొట్టమును, అమర్చినచో వెనుకగాలి వ్యర్థము కాక ఉపయోగపడును. గొట్టము స్వరమునకు చేరువ స్వరములందు లోపలి గాలి, కాగితపు వెనుకకదలికను త్రిప్పి, ముందుగాలికి సాయమగునట్లు వెలికి పంపును. విరోధిగా నున్నదే మిత్రమగును. ఈ యుపాయమునకు బెల్ ప్రయోగశాలలోని ఆల్బర్ట్ థూరాస్ 1932లో అమెరికా ప్రభుత్వమువలన పేటెంటు పొందెను.

ఈ రెండవ విధమునందు లాభ మెక్కువ, కాని లెక్క తప్పినచో నష్టమును ఎక్కువ. గొట్టము స్వరమునకు క్రింది స్వరములందు కాగితమునకు లోపలి గాలి ఆసరా తొలగిపోవును. అప్పుడది మితిమీఱి ఊగులాడి చినుగవచ్చును. మా మొదటి పెట్టెలో కాగితము కొట్టుకొనుట యిదియే.

స్పీకరు చెప్పు మూడు సంఖ్యలు

పెట్టె యెంత యుండవలెనని నిర్ణయించువాడు వడ్రంగి కాదు, స్పీకరు. ఆస్ట్రేలియా దేశస్థుడగు నెవిల్ థీల్ 1961లో ఊపిరిగల పెట్టెలకు క్రమమైన గణితము నేర్పఱచి ప్రకటించెను. అది 1971లో అమెరికా పత్రికలో మరల అచ్చుపడినపిమ్మటనే లోకమునకు బాగుగా తెలిసెను. సిడ్నీ విశ్వవిద్యాలయమందు పరిశోధించిన రిచర్డ్ స్మాల్ 1972, 1973 సంవత్సరములలో దానిని విస్తరించెను. నాటినుండి మంచి స్పీకరుతో పాటు వచ్చు కాగితముమీద వారి సంఖ్యలు అచ్చువేయుదురు. వానిలో మూడు ముఖ్యము.

మొదటిది ఎఫ్.ఎస్. ఇది పెట్టె లేనప్పుడు స్పీకరు తనంతట తాను ఊగు కంపనసంఖ్య. రెండవది వి.ఏ.ఎస్. స్పీకరు కాగితము అంచునకుగల స్ప్రింగుగుణమునకు ఎన్ని లీటరుల గాలి సమానమో ఇది చెప్పును. మూడవది క్యు.టి.ఎస్. ఊగుచున్న కాగితమును స్పీకరు తానే యెంత త్వరగా నిలుపుకొనగలదో ఇది చెప్పును. సంఖ్య చిన్నదైనకొలది నిలుపుశక్తి హెచ్చు.

క్యు.టి.ఎస్. 0.38 ప్రాంతమున నున్నచో థీల్ లెక్క మిక్కిలి సులభము. వి.ఏ.ఎస్.ను 1.414చేత భాగించినది పెట్టె ఘనపరిమాణము, ఎఫ్.ఎస్. యెంతయో గొట్టము స్వరమును అంతయే. ఇతర సంఖ్యలుగల స్పీకరులకు వేఱు లెక్కలు కలవు. వానిని చేయు కంప్యూటరు ప్రోగ్రాములు ఉచితముగా దొరకును.

మా స్పీకరు కాగితమును వెదకి తీసి చూడగా ఎఫ్.ఎస్. 48, వి.ఏ.ఎస్. 85 లీటరులు, క్యు.టి.ఎస్. 0.38 అని యుండెను. 85ను 1.414చేత భాగింపగా 60 లీటరులు. కావున దానికి 60 లీటరుల పెట్టెయు, 48 కంపనముల గొట్టమును కావలెను. మేమిచ్చిన దేమి? 18, 36, 46లను గుణింపగా సుమారు 30 లీటరులు. స్పీకరు ఆక్రమించు చోటు 3 లీటరులు పోగా మిగిలినది 27. రంధ్రము 10 సెంటీమీటరుల వెడల్పు, చెక్కమందము 0.6 సెంటీమీటరు, రంధ్రమునకు ఇరువైపుల దానితో కలిసి కదలు గాలిని చేర్చగా మెడపొడవు సుమారు 9.1 సెంటీమీటరులు. హెల్మ్‌హోల్ట్స్ సూత్రమును బట్టి లెక్కింపగా స్వరము 98 కంపనములని తేలెను.

బాసుగిటారు నాలుగు తీగల కంపనములు వరుసగా 41, 55, 73, 98. ఆ కడపటి సంఖ్యను చూచి మేము నిర్ఘాంతపడితిమి. మా పెట్టె సన్నని తీగతో సరిగా శ్రుతి కలిసి, ఆ స్వరమును ఉఱిమించుచు, దానిక్రింది స్వరముల నన్నిటిని మ్రింగివేసినది. ఆ విద్యార్థి వ్రేళ్లు ఎంత సమముగా వేసినను ఫలము లేకపోయెడిది.

రెండవ పెట్టె కొలతలు

60 లీటరులు గాలికి మిగులవలెను. స్పీకరునకు 3, గొట్టములకు 4.7, లోపలి కఱ్ఱలకు 2.3 లీటరులు చేర్చగా మొత్తము 70. లోపల వెడల్పు 40, ఎత్తు 50, లోతు 35 సెంటీమీటరులు పెట్టినచో సరిగా 70 లీటరులగును.

గొట్టము పొడవునకు సూత్రమిది. ధ్వనివేగపు వర్గమును గొట్టపు అడ్డుకోత వైశాల్యముచేత గుణించి, ఆ లబ్ధమును 4 పైవర్గము, కంపనసంఖ్య వర్గము, ఘనపరిమాణము ఈ మూటి లబ్ధముచేత భాగింపవలెను. అన్నిటిని సెంటీమీటరులలో తీసికొనవలెను. లోవ్యాసము 10 సెంటీమీటరులుగల గొట్టములు రెండు పెట్టినచో వైశాల్యము 157 చదరపు సెంటీమీటరులు. లెక్కింపగా 33.9 సెంటీమీటరులు వచ్చును. గొట్టము రెండుకొనలయొద్ద కొంత వెలుపలి గాలియు కలిసి కదలును గనుక వ్యాసములో 0.73 వంతు, అనగా 7.3 సెంటీమీటరులు, తీసివేయవలెను. మిగిలిన 26.6 సెంటీమీటరులు గొట్టము పొడవు. గొట్టము లోపలికొనకును వెనుకపలకకును నడుమ 10 సెంటీమీటరులు మిగులును, అంతకు తగ్గరాదు.

ఒక్క గొట్టము చాలదా యని కొందఱడుగుదురు. ఒక్కటే పెట్టినచో పొడవు 10 సెంటీమీటరులకు లోపే సరిపోవును. కాని గట్టిగా వాయించినప్పుడు ఇఱుకుసందులో గాలి వడిగా దూసికొనిపోయి బుస్సుమని శబ్దము చేయును. అందుచేత రెండు మేలు. ఇంటి నీటిపారుదలకు వాడు పి.వి.సి. గొట్టము దీనికి చాలును. కొనిన గొట్టము లోవ్యాసమును కొలిచి, లెక్కను దానికి తగినట్లు సరిచేసికొనవలెను.

చెక్కపని

18 మిల్లీమీటరుల మంచి ప్లైవుడ్డు కావలెను. కోసిన అంచున పొరలమధ్య సందులు కనబడు చెక్క పనికిరాదు; ఆ సందులే పిమ్మట బుసలు కొట్టును. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుగల పలకలో సగము చాలును. ముక్కలివి: ప్రక్కపలకలు రెండు, ఒక్కొక్కటి 53.6కు 38.6 సెంటీమీటరులు, పైపలక, అడుగుపలక, ఒక్కొక్కటి 40కి 38.6, ముందుపలక, వెనుకపలక, ఒక్కొక్కటి 50కి 40. మిగిలిన ముక్కలో 5 సెంటీమీటరుల వెడల్పుగల అడ్డుపట్టీలు రెండు కోసికొనవలెను. తిన్నగా కోయు యంత్రము గల దుకాణములో ఈ ముక్కలను కోయించుకొనుట మేలు. అంచు వంకరయైనచో ఏ బంకయు దానిని సరిచేయదు.

మొదట ముందుపలకకు స్పీకరు రంధ్రమును, దానిక్రింద ప్రక్కప్రక్కన గొట్టముల రంధ్రములను చేయవలెను. స్పీకరు రంధ్రపు కొలతను స్పీకరు కాగితమునుండియే తీసికొనవలెను. రంపపుపొడి ఊపిరితిత్తులకు హాని గనుక కోయువారును గీకువారును ముక్కునకు మాస్కు కట్టుకొనవలెను. విద్యుద్రంపమును పెద్దలు దగ్గఱ లేనిదే పిల్లలు ముట్టరాదు.

పిమ్మట ప్రక్క, పై, అడుగు పలకలను చట్రముగా కూర్చవలెను. అంచుల పొడవునను వడ్రంగపు తెల్లబంకను ఎడము లేకుండ పూసి, ముందుగా సన్నరంధ్రములు చేసి, మరమేకులు బిగింపవలెను. బంక ఆరకమునుపే మూలనుండి మూలకు రెండు కర్ణములను కొలిచి చూడవలెను. రెండును సమానమైనచో చట్రము సరియైన దీర్ఘచతురస్రము. లేనిచో కొంచెము నొక్కి సరిచేయవలెను. ముందుపలక, వెనుకపలక ఆనుటకు చట్రము లోపల 2 సెంటీమీటరుల చదరపు కఱ్ఱలను చుట్టును అంటించి, పలకలను వానిమీద బంకతోను మరమేకులతోను బిగింపవలెను. స్పీకరును ముందునుండియే బిగింతుము గనుక వెనుకపలకను తెఱచు పని యుండదు.

వెనుకపలకను మూయకమునుపే చేయవలసిన పనులు మూడు. ఒకటి, అడ్డుపట్టీలు. స్పీకరునకును గొట్టములకును నడుమనుండి వెనుకపలకవఱకు ఒకటి, ప్రక్కనుండి ప్రక్కకు ఒకటి బంకతో బిగింపవలెను. పెద్దపలక నడుమ పట్టినచో దాని కంపనము చాలవఱకు అణగును. చెక్కను మౌనముగా నుంచునది మందముతో పాటు ఈ చిన్నపట్టీయే. రెండు, గొట్టములను బిగించి చుట్టును సందు లేకుండ పూడ్చుట. మూడు, ప్రతి కీలును లోపలనుండి మరల బంకతో మెత్తుట. ప్రక్కలకును వెనుకకును పాలియెస్టరు దూదిని వ్రేలెడు మందమున అంటింపవచ్చును; అది లోపల హెచ్చుస్వరముల ప్రతిధ్వనిని అణచును. కాని గొట్టముల మూతికి దూది అడ్డురాకూడదు.

ఒకనాడంతయు ఆరనిచ్చి, గరుకుకాగితముతో రుద్ది, రంగు వేయవలెను. పలకలబరువే రమారమి 13 కిలోగ్రాములు గనుక గట్టి పిడులను అమర్చి, అడుగున రబ్బరుకాళ్లు వేయవలెను. స్పీకరు ముందు ఇనుపజాలీ యుండవలెను. పిల్లల వ్రేళ్లకు కాగితము నిలువదు.

తీగలు, పరీక్షలు

స్పీకరు అంచుక్రింద మెత్తని రబ్బరుపట్టీ వేసి బోల్టులతో బిగింపవలెను. తీగలు కలుపుటలో కూడిక, తీసివేత గుఱుతులను గమనింపవలెను. 1.5 ఓల్టుల బ్యాటరీని క్షణమాత్రము తాకించినచో కూడిక గుఱుతు సరియైనప్పుడు కాగితము ముందునకు వచ్చును. స్పీకరు ఎన్ని ఓములదో చూడవలెను. 8 ఓముల స్పీకరులు రెండు సమాంతరముగా కలిపినచో 4 ఓములగును. ఆంప్లిఫయరు వెనుక వ్రాసిన కనీస ఓములకంటె తక్కువ తగిలించినచో ఆంప్లిఫయరు వేడెక్కి చెడును. గిటారునుండి ఆంప్లిఫయరునకు పోవు సన్ననితీగను ఆంప్లిఫయరునుండి స్పీకరునకు వాడరాదు. అచ్చట లావైన స్పీకరుతీగయే కావలెను.

తరువాత మూడు పరీక్షలు. మొదటిది సందుల పరీక్ష. మెల్లని మంద్రస్వరమును మ్రోగించుచు అగరువత్తి పొగను కీళ్లవెంబడి త్రిప్పవలెను. పొగ ఎక్కడ ఉలికిపడునో అక్కడ సందున్నది. రెండవది గలగలల పరీక్ష. స్వరమును క్రిందినుండి మీదికి మెల్లగా పెంచుచు, చేతిని పలకలమీద నుంచి, కదలికను వెదకవలెను.

మూడవది గొట్టపు పరీక్ష. చరవాణిలో స్వరములు పుట్టించు ఉచితసాధనములు కలవు. దానితో 70 కంపనములనుండి మెల్లగా దిగుచు స్పీకరు కాగితమును చూచుచుండవలెను. గొట్టము స్వరము రాగానే కాగితము దాదాపు నిలిచిపోవును, గొట్టములనుండి గాలి మాత్రము చేతికి బలముగా తగులును. మా పెట్టె విషయమున అది 47కును 48కిని నడుమ జరిగెను. కాగితము నిలిచియుండగా స్వరము నిండుగా వినబడుచుండుట చూచి విద్యార్థులు నమ్మలేక మాటిమాటికి గొట్టములో చేయి పెట్టిచూచిరి.

ఇచ్చట ఒక సందేహము. 48కి శ్రుతిచేసిన పెట్టె 41 కంపనముల లావుతీగను పలుకునా? ఆ తీగ 41తో పాటు 82, 123 మొదలగు కంపనములను గూడ కలిగించును. వానిని వినిన చెవి, తక్కువైన అడుగుస్వరమును తానే పూరించుకొనును. 41 కొంత తగ్గినను స్వరము చెడదు. అంతకు క్రింది కంపనములను ఆంప్లిఫయరులోనే వడకట్టుట స్పీకరునకు క్షేమము.

ఈ పెట్టెకంటె చిన్నది, ఇంతకంటె లోతుగా పలుకునది, ఇంతే గట్టిగా వినబడునది కావలెనని కోరువారికి ఒక మాట. చిన్నపెట్టె, లోతైన మంద్రము, తక్కువ విద్యుత్తుతో గట్టిధ్వని, ఈ మూటిలో రెండే యొక పెట్టెలో దొరకును. మూడవదానిని విడువవలసినదే. మూడును గలవని చెప్పి అమ్మువారిని నమ్మరాదు.

ముగింపు

రెండవ పెట్టెను చేయుటలో మేము ఆ విద్యార్థినే ముఖ్యసహాయునిగా పెట్టుకొంటిమి. మొదటి పెట్టె లెక్కను నల్లబల్లమీద అతనిచేతనే వేయించితిమి. 98 అను సంఖ్య రాగానే తరగతియంతయు అతనివైపు చూచెను. తోటివారియెదుట మందలించితిమి గనుక, "తప్పు నీది కాదు, మాది" అని తోటివారియెదుటనే చెప్పితిమి. అతడు చిఱునవ్వు నవ్వి, "ఇంక గొట్టము కోయుదమా, మాస్టరుగారూ?" అని మాత్రము అనెను.

మఱుసటి వార్షికోత్సవమున ఆ పెట్టె వేదికమీద నుండెను. పెట్టెను గూర్చి యెవ్వరును మాటలాడలేదు. పాట బాగున్నదని మాత్రము తల్లిదండ్రులు చెప్పిరి. స్పీకరుపెట్టెకు అంతకంటె మెప్పు అక్కఱలేదు. ఇట్టి పెట్టెను చేయగోరు విద్యార్థులు రంపము పట్టకమునుపు స్పీకరు కాగితమును చదివి లెక్క వేయవలెను. వాద్యము వాయించువానిని తప్పుపట్టబోవు పెద్దలు ముందు పెట్టెను పరీక్షింపవలెను.